అనాథలు కావలెను

ఆమదాలవలసలో నగరేశ్వరరావు శెట్టిగారి అనాథ శరణాలయానికి అన్నీ సమకూరాయి, అనాథలు తప్ప.

స్టేషను వెనకనున్న తన పాత ధాన్యం గోదాముకి ఆయన వెల్ల వేయించారు. ఎలుక కన్నాలు పూడ్పించారు. గుమ్మం మీద ‘దీనబంధు బాలల శరణాలయం’ అని ఎర్ర అక్షరాలతో బోర్డు పెట్టించి, ఆ అక్షరాలకంటే ఒక్క పిసరు పెద్దగా కింద తన పేరు రాయించుకున్నారు. లోపల చాపలు, దుప్పట్లు, సత్తు కంచాలు. పిల్లలు పొద్దున్నే చదవవలసిన ప్రార్థన అద్దం కట్టించి గోడకి తగిలించారు. ప్రారంభోత్సవం నాడు సన్నాయి మేళం పెట్టించి ఊరందరికీ బూందీ పంచారు. తిన్నవాళ్ళు మూతి తుడుచుకుని ఎవరి పిల్లల్ని వాళ్ళు చంకనేసుకుని వెళ్ళిపోయారు. ఒక్క పిల్లవాడూ మిగల్లేదు.

అప్పటినుంచి ఆ కంచాలను రోజూ పొద్దున్నే తోమి బోర్లించడం వార్డెన్ కాంతం పని. ఎవరూ తినని కంచాలు తోమడం ఎందుకని ఆవిడ అనుకోలేదు. తోమడం మానేస్తే తనకి పనేమీ లేదన్న సంగతి నలుగురి కంటా పడుతుందని ఆవిడ భయం.

కాంతం శెట్టిగారికి తమ్ముడి వరసైన వాడి భార్య. ఆ తమ్ముడు కామెర్లతో పోయాక ఏళ్ళ తరబడి చుట్టాల ఇళ్ళల్లోనే గడిపింది. చుట్టాలకేమీ లోటు లేదు. విజయనగరంలో ఆడపడుచు పురుళ్ళకి పిలిచేది. చీపురుపల్లిలో పెదమావగారింట్లో ఆవకాయ పెట్టే రోజులకి కబురు పంపేవారు. గజపతినగరంలో మరిది రంగనాథం ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు కాంతానికి ఉత్తరం, తర్వాత డాక్టరుకి. అందరూ ఆప్యాయంగానే పిలిచేవారు. పురుడు వెళ్ళి, ఆవకాయ జాడీలకెత్తి, జ్వరం దిగి పథ్యం పెట్టగానే అంతే ఆప్యాయంగా, ‘‘బండెన్నింటికమ్మా కాంతం?’’ అని అడిగేవారు. పొమ్మని ఒక్కరూ అనలేదు. మర్యాదస్తులు. బండి వేళ అడిగేవారు, అంతే.

శరణాలయంలో ఆవిడకి గుమాస్తా కూర్చునే చిన్న గది ఇచ్చారు. కిటికీ లేదు. గోడల్లోంచి ఇంకా ధాన్యం వాసన వస్తుంది. కానీ తలుపుకి లోపలివైపు గడియ ఉంది. తన చేత్తో గడియ వేసుకుని పడుకున్న మొదటి రోజు కాంతం సంతోషం పట్టలేక ఏడ్చేసింది. ఆ గది నిలబెట్టుకోవడానికి ఆవిడ ఏమైనా చేస్తుంది.

శెట్టిగారికి అనాథల మీద చిన్నప్పటినుంచీ ప్రేమ అని చెబితే అబద్ధమవుతుంది. ఆయన పంచాయతీ ప్రెసిడెంటుగా నిలబడి నరసింగరావు నాయుడుగారి చేతిలో ఓడిపోయారు. ఎన్నికల ముందు తాను పంచిన చీరలే కట్టుకుని ఆడవాళ్ళంతా వెళ్ళి నాయుడుగారికి ఓటేశారు. అదేమని అడిగితే, ‘‘సీర బాగున్నాది బాబూ’’ అన్నారు. తనలో లోపించింది సేవ అని ఆయన నిశ్చయించుకున్నారు. శరణాలయం పెడితే సంక్షేమ బోర్డువారు గ్రాంటు ఇస్తారని కూడా ఎవరో చెవిన వేశారు. సేవా జరుగుతుంది, గోదాము మరమ్మతూ జరుగుతుంది.

ఈ కబురు విని నరసింగరావు నాయుడుగారు టీ దుకాణం ముందు కాలు మీద కాలేసుకుని, ‘‘శెట్టిగారి కొట్లో బెల్లం దొరుకుద్ది, చింతపండు దొరుకుద్ది. అనాథలు దొరకరు. మా పేటల్లో దిక్కులేనోడిని ఒక్కడిని సూపించమనండి, నాను ప్రెసిడెంటు పదవి ఒదిలీసి ఆయన కొట్లో గుమస్తాగా సేరిపోతాను’’ అన్నారు.

అది వట్టి బడాయి కాదు. తల్లీతండ్రీ పోయిన పిల్లలు ఊళ్ళో లేకపోలేదు. కానీ ఆ పిల్లలకి పిన్నులున్నారు, మేనత్తలున్నారు, ఎవరూ లేకపోతే పక్కింటి అవ్వ ఉంది. కాంతం గొడుగు వేసుకుని ఎండలో పేటపేటా తిరిగింది. తోటపేటలో జగ్గమ్మ అనే రైతుమనిషి తన పిల్లలతోపాటు చనిపోయిన చెల్లెలి పిల్లల్ని కూడా సాకుతోందని విని వాళ్ళ వాకిట్లో నిలబడింది.

‘‘పిల్లల్ని మా దగ్గరికి పంపమ్మా. అనాథలకి మేం అన్నం పెడతాం, చదువు చెబుతాం’’ అంది.

జగ్గమ్మ చోళ్ళు చెరుగుతున్న చేట కింద పెట్టింది. ‘‘ఎవులికి పెడతావు?’’

‘‘అనాథలకి.’’

‘‘నానేటి సచ్చిపోనానా? నా పెనిమిటి సచ్చిపోనాడా? మాయత్త లోపల దగ్గుతన్నాది, నీకు ఇనబడలేదేటి? ఇంతమందిమి కళ్ళెదుట ఉండగా నా సెల్లి పిల్లలు దిక్కులేనోలు ఎలగవుతారు? బతికున్నోల్ని సంపీడానికే గొడుగేసుకుని బయల్దేరినావా?’’

అలా తిట్టినంతసేపూ తిట్టి, ఎండనపడి వచ్చిన మనిషని మజ్జిగ ఇచ్చింది. వెళ్ళేటప్పుడు పెరట్లో గుమ్మడికాయ కోసి చేతిలో పెట్టింది. ప్రతి పేటలోనూ అదే వరస. ముందు తిట్లు, తర్వాత మజ్జిగ, ఆ తర్వాత ఏదో ఒక కాయ. వారం తిరిగేసరికి శరణాలయంలో అనాథల కోసం పరిచిన చాపల మీద గుమ్మడికాయలూ ఆనపకాయలూ వరసగా పడుకుని ఉన్నాయి.

అలా ఉండగా శెట్టిగారు పరుగున వచ్చారు.

‘‘కాంతం, బోర్డు ఇన్‌స్పెక్టరమ్మ బుధవారం దిగుతాదంట. పిల్లలు లేకపోతే నా పరువు గంగలో కలుస్తాది. నాయుడు దండోరా వేయించేస్తాడు. ఇది మళ్ళీ ధాన్యం గోదామే.’’

‘‘మరి నేను, బావగారూ?’’

‘‘నీకేటమ్మా, నీకు చుట్టాలున్నారు. గజపతినగరం పంపించెయ్యమని రంగనాథం ఉత్తరం రాశాడు. ఆళ్ళ కోడలికి నెలలు నిండొస్తున్నాయంట.’’

మర్నాడు తెల్లారీ తెల్లారకముందే కాంతం తోటపేట వెళ్ళి జగ్గమ్మ అరుగు మీద కూలబడింది. ఈసారి అనాథల ఊసెత్తలేదు. తన సంగతే చెప్పుకుంది. పురుళ్ళు, ఆవకాయలు, జ్వరాలు, బండి వేళలు, ఆ గది, ఆ గడియ. ‘‘బుధవారం మీ పిల్లల్ని భోజనానికి పంపమ్మా. లేకపోతే నన్ను బండెక్కించేస్తారు’’ అంది.

జగ్గమ్మ విన్నంతసేపూ ఆ చుట్టాల్ని పేరుపేరునా తిట్టింది. చివరికి, ‘‘పంపుతాను గానీ, పరాయోలింట మా గుంటలు కంచం ముందు కూకోరు. నువ్వు నాకు నేస్తమైపో’’ అంది.

ఆ వైపు ఊళ్ళలో నేస్తం కట్టడమంటే ఊరికే స్నేహం చెయ్యడం కాదు. కొబ్బరికాయ కొట్టి, ఒకరి దోసిట్లో ఒకరు బియ్యం పోసుకుంటే ఆ ఇద్దరూ రక్తసంబంధం కంటే దగ్గరైపోయినట్టే. ఆనాటినుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు, చచ్చేవరకూ ‘నేస్తం’ అనే. వాళ్ళ పిల్లలు వీళ్ళకి పిల్లలు, వాళ్ళ కష్టం వీళ్ళకి కష్టం. కులం అడ్డు రాదు.

‘‘నాలాంటి బొట్టులేని దానితో నేస్తమేటమ్మా?’’ అంది కాంతం తల దించుకుని.

‘‘నేస్తానికి బొట్టేటి, కాటుకేటి? మనిషుంటే సాలు. దోసిలి పట్టు.’’

దోసిట్లో బియ్యం పడ్డాయి. ఆ కబురు మిగతా పేటలకి పాకింది. తోటపేట వాళ్ళకి వార్డెనమ్మ నేస్తమైతే మేమేం తక్కువ తిన్నామని తక్కిన ఆడవాళ్ళు కూడా కొబ్బరికాయలు పట్టుకొచ్చారు. మంగళవారానికల్లా కాంతానికి పేటకో నేస్తం కుదిరింది, శరణాలయానికి చాపల నిండా పిల్లలు కుదిరారు. గుమ్మడికాయల్ని వంటింట్లోకి మార్చారు.

అందరూ పెట్టిన షరతు ఒక్కటే. జగ్గమ్మ దాన్ని మరీ మరీ చెప్పింది. ‘‘నేస్తం, మా గుంటల నోట ‘మాకెవులూ లేరు’ అన్న మాట రాకూడదు. అది ఇంటికి అరిష్టం. బతికున్న పెద్దోల్ని కాటికి పంపినట్టే.’’

సరేనంది కాంతం. కానీ అదే సాయంకాలం శెట్టిగారు జీళ్ళ డబ్బా చంకలో పెట్టుకుని వచ్చి పిల్లల్ని వరసగా కూర్చోబెట్టారు. ‘‘ఇన్‌స్పెక్టరమ్మ నీకెవరున్నారు అంటాది. నువ్వేటనాలి? నాకెవరూ లేరండీ అనాలి. అన్నోళ్ళకి జీడి.’’ పిల్లలు జీడికోసం గొంతు చించుకుని అన్నారు. జగ్గమ్మ చెల్లెలి కూతురు పైడమ్మకి ముందు పళ్ళు లేవు గానీ అందరికంటే గట్టిగా ఆ పిల్లే అంది. కాంతం గుమ్మం చాటున నిలబడి విన్నది. వద్దని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచింది. తన గది తలుపు వైపు చూసి రెండుసార్లూ నోరు మూసుకుంది.

బుధవారం ఇన్‌స్పెక్టరమ్మ కన్యాకుమారిగారు దిగారు. సన్నగా, కళ్ళజోడుతో, చేతిలో తోలు సంచీతో. ఆవిడ వెనకే నరసింగరావు నాయుడుగారు కూడా కండువా సర్దుకుంటూ వచ్చారు. ప్రభుత్వం తరఫు మనిషి వస్తే ప్రెసిడెంటు ఉండాలి కదా అన్నారు. అసలు వచ్చింది శెట్టిగారి మొహం ఎలా మాడుతుందో చూద్దామని. పిల్లలతో నిండిన చాపలు చూసేసరికి ముందు ఆయన మొహమే మాడింది.

వీధి గుమ్మం బయట కాంతం నేస్తాలంతా గుంపుగా చేరారు. తమ పిల్లలు కొత్త ఇంట్లో ఎలా తింటారో చూసుకోవాలని వాళ్ళ ఆరాటం. జగ్గమ్మ అందరికంటే ముందు గుమ్మం పట్టుకుని నిలబడింది.

కన్యాకుమారిగారు పైడమ్మ ముందు వంగి, ‘‘నీకెవరున్నారు పాపా?’’ అని అడిగారు.

పైడమ్మ జీళ్ళ డబ్బా వైపు చూసింది. నోరు తెరిచింది. అప్పుడు గుమ్మంలో జగ్గమ్మ కనిపించింది. జగ్గమ్మ మురిసిపోతూ చెయ్యి ఊపింది.

‘‘మా పెద్దమ్మున్నాది’’ అంది పైడమ్మ.

శెట్టిగారు గట్టిగా దగ్గారు. పిల్ల దాన్ని మెప్పనుకుని ఇంకా హుషారుగా వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది. ‘‘పెద్దయ్యున్నాడు. అవ్వున్నాది, దగ్గుద్ది. ఇదిగో ఈ పెద్దమ్మున్నాది, మా పెద్దమ్మకి నేస్తం’’ అంటూ కాంతం చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. తక్కిన పిల్లలు కూడా లేచి, నాకూ పెద్దమ్మే, నాకూ పిన్నే అని కాంతం చుట్టూ మూగారు.

నాయుడుగారి మొహంలోకి కళ వచ్చింది. ‘‘సూసినారా అమ్మగారూ? ఇది అనాథ శరణాలయం కాదు, వార్డెనమ్మగారి చుట్టాల సత్రం. శెట్టిగారు ఆకరికి అనాథల్ని కూడా అరువు తెచ్చుకున్నారు’’ అని పొట్ట కదిలేలా నవ్వారు.

ఆ నవ్వు పూర్తికాకుండానే పైడమ్మ ఆయన వైపు వేలు చూపించింది. ‘‘ఆ మావ కూడా ఉన్నాడు.’’

నవ్వు ఆగింది. గుమ్మం దగ్గరున్న ఆడవాళ్ళందరి చూపూ నాయుడుగారి మీద పడింది. అన్నీ ఓట్లే. జగ్గమ్మ లోపలికి ఒక అడుగు వేసింది.

‘‘ఏటి అన్నా, పలకవేటి? మా పైడమ్మ నీకేటీ కాదేటి?’’

నాయుడుగారు ఇరుకున పడ్డారు. కాదంటే పిల్లని తానే అనాథ అన్నట్టు, శెట్టికి గ్రాంటు, పైగా రాబోయే ఎన్నికల్లో తోటపేట మొత్తం తనకి కాకుండా పోతుంది. ఔనంటే శెట్టి శరణాలయం ఈ క్షణమే మూత. ఆయన లెక్క తేల్చుకుని పిల్లని అమాంతం ఎత్తుకున్నారు.

‘‘ఏటీ కాకపోవడమేటి? నా మేనకోడలు. ఇక్కడున్న గుంటలందరికీ నాను మేనమావనే. నానుండగా ఈళ్ళలో దిక్కులేనోలు ఎవులు?’’

ఆడవాళ్ళు సంతోషంగా గొణుక్కున్నారు. ఆ గొణుగుడు శెట్టిగారి చెవిన పడింది. ఎన్నికలు గుర్తొచ్చాయి, చీరలు గుర్తొచ్చాయి. ఒళ్ళు మండింది. గ్రాంటు మాత్రం పూర్తిగా మరిచిపోయారు.

‘‘నాయుడుగారొక్కరేనా? నేను లేనా?’’ అంటూ జీళ్ళ డబ్బా ఎత్తిపట్టారు. ‘‘ఈ పిల్లలంతా నా మనవలు. వీళ్ళని అనాథలన్నవాడెవడో నా ముందుకి రమ్మనండి.’’

కన్యాకుమారిగారు గుమ్మం బయటికి వచ్చి, తల పైకెత్తి బోర్డుని ఒకసారి చూశారు. మళ్ళీ శెట్టిగారిని చూశారు. ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది. డబ్బా మెల్లగా కిందికి దించారు.

‘‘అయితే ఇక్కడ ఎవరూ లేనివాళ్ళు లేరన్నమాట’’ అన్నారు కన్యాకుమారిగారు. ఆ మాటలో కోపం లేదు. కాంతం వైపు తిరిగి, ‘‘మీకెవరున్నారమ్మా?’’ అని ఊరికే మాటకి అడిగారు.

‘‘నాకా? బోలెడుమంది. విజయనగరంలో ఆడపడుచు, చీపురుపల్లిలో పెదమావగారు, గజపతినగరంలో మరిది...’’ అని మొదలుపెట్టింది కాంతం. మధ్యలో ఆపేసి కొంగుతో మొహం తుడుచుకుంది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదనిపించింది. ‘‘అందరూ ఉన్నారమ్మా. అందుకే ఈ గది పోతే నేను ఉండడానికి చోటు లేదు.’’

‘‘మా నేస్తానికి నానున్నాను’’ అంది జగ్గమ్మ గుమ్మంలోంచి. ఆ వెనక తక్కిన నేస్తాలు కూడా నేనున్నాను, నేనున్నాను అన్నారు. కాంతానికి ఏడుపు ఆగలేదు.

కన్యాకుమారిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. ‘‘అనాథలు లేని శరణాలయానికి మేం ఏమీ ఇవ్వలేం. కానీ బోర్డులో, పగటిపూట పిల్లలకి అన్నం పెట్టి చూసుకునే బాలవాడి పథకం ఒకటి ఉంది. దానికి పిల్లలుంటే చాలు, తల్లీతండ్రీ ఉన్నా అభ్యంతరం లేదు. వార్డెన్ జీతం, పాలపొడి మేమిస్తాం. బియ్యం, పప్పు మాత్రం పిల్లల బాధ్యత తీసుకునే స్థానిక పెద్దలు ఇచ్చుకోవాలి. అలాంటి పెద్దలు దొరకడమే మాకు కష్టం.’’ అని కాస్త ఆగి, ‘‘ఇక్కడ మేనమామగారూ ఉన్నారు, తాతగారూ ఉన్నారు’’ అన్నారు.

మేనమామగారు, తాతగారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుమ్మంలో ఆడవాళ్ళు ఇద్దరి మొహాలూ చూశారు. బియ్యం తన గాదెలోంచి వస్తాయన్నారు నాయుడుగారు. పప్పు, నూనె తన కొట్లోంచి వస్తాయన్నారు శెట్టిగారు. అందరూ గుమ్మడికాయ పులుసుతో భోజనాలు చేశారు. నాయుడుగారికి ఒకటికి రెండుసార్లు వడ్డించాల్సి వచ్చింది.

బోర్డు మీద పాత అక్షరాలు చెరిపేసి ‘బాలవాడి’ అని రాయించారు. కింద ఎవరి పేరు ముందుండాలన్నది తేలక ఆ చోటు ఖాళీగా వదిలేశారు. గుమస్తాగా చేరడం సంగతి నాయుడుగారికి ఎవరూ గుర్తు చెయ్యలేదు. అనాథ దొరకలేదు కనక ఆ పందెం ఆయనే గెలిచారని టీ దుకాణంలో తీర్పు.

కొన్నాళ్ళకి గజపతినగరం నుంచి మరిది రంగనాథం సంచీతో దిగాడు. కాంతం పిల్లలకి వడ్డిస్తోంది.

‘‘ఏటొదినా, ఉత్తరాలకి జవాబు లేదు. కోడలికి నొప్పులు ఇవాళో రేపో. బయల్దేరు. అయినా నీకిక్కడ ఎవరున్నారని?’’

ఎప్పుడూ ఈ మాట వినగానే కాంతం చేతులు వాటంతటవే మూట కట్టడం మొదలుపెట్టేవి. ఇవాళ కట్టలేదు.

‘‘ముందు కాళ్ళు కడుక్కో మరిదీ. వడ్డిస్తాను.’’

పైడమ్మ పక్కనున్న చాప చూపించి అతనికి కంచం పెట్టింది. తన వంటింట్లో తను వండింది ఒక చుట్టానికి వడ్డించడం ఆవిడకి ఇదే మొదలు. అడిగి అడిగి పులుసు పోసింది. రంగనాథం చెయ్యి నాకి, నీ చేతి వంట తిని ఎన్నాళ్ళైందొదినా అని మెచ్చుకుని, చల్లగా ఉంది, ఒక పూట ఇక్కడే నడుం వాల్చి రేపు ఇద్దరం కలిసి వెళ్దామన్నాడు. అని చాప మీద కాళ్ళు చాపాడు.

కాంతం కంచాలన్నీ తోమింది. తుడిచి బోర్లించింది. తన గది తలుపు దగ్గరికి వేసి వచ్చి అతని పక్కన నిలబడింది.

‘‘మరిదీ,’’ అంది ఎంతో ఆప్యాయంగా, ‘‘బండెన్నింటికి?’’